సెట్ చేసినా నిలవని డీఫాల్ట్ యాప్స్: ఒంగోలు ఆడిటర్ ఆఫీసు కేసు

ఒంగోలులో జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్, టీడీఎస్ పనులు చూసే ఒక ఆడిటర్ ఆఫీసు. క్లయింట్లలో చీమకుర్తి వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల వాళ్లు ఎక్కువ. పొగాకు వ్యాపారులు, కొత్తపట్నం, సింగరాయకొండ వైపు రొయ్యల చెరువుల వాళ్లు కూడా ఉన్నారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోతుందని తెలిసి, దానికి కాస్త ముందే కొన్ని సిస్టమ్‌లు కొత్తవి కొన్నారు, కొన్నింటిని విండోస్ 11కి మార్చారు. 11 ఎక్కని పాతవి 10లోనే ఉండిపోయాయి. ఈ మార్పులన్నీ అయ్యాక, సర్వీసు కోసం నన్ను పిలిచారు.

ఫిర్యాదు ఒక్క ముక్క, డీఫాల్ట్ యాప్ నిలవట్లేదు. ఒక రకం ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసినప్పుడు దాన్ని తెరవడానికి ముందే ఎంచిపెట్టుకున్న ప్రోగ్రామే డీఫాల్ట్ యాప్. పీడీఎఫ్ ఫైల్‌కి అక్రోబాట్ రీడర్ పెడుతున్నారు, మళ్లీ బ్రౌజర్‌లోకి పోతోంది. "ఎన్నిసార్లు సెట్ చేసినా నిలవట్లేదన్నా. మేమేదో నొక్కేస్తన్నామని సార్ మామీద కేకలేస్తన్నారు" అన్నాడు అక్కడ పనిచేసే కుర్రాడు. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి మీద తప్పు వేయడం తేలిక. ఈ కేసులో చివరికి తేలిందేమిటంటే, ఆ పిల్లలు చేసిన తప్పు దాదాపు ఏమీ లేదు. ఒకే ఫిర్యాదు వెనక వేర్వేరు సిస్టమ్‌లలో వేర్వేరు కారణాలు ఉన్నాయి. అన్నిటికీ ఒకే మందు వేస్తూ వచ్చారు కాబట్టి ఏదీ తగ్గలేదు.

సెట్టింగ్స్ ముట్టుకోకముందు చూసినవి

ముందుగా ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎక్స్‌టెన్షన్లు, అంటే ఫైల్ ఏ రకమో చెప్పే పేరు చివరి ముక్కలు, కనిపించేలా పెట్టాను. విండోస్ వాటిని దాచిపెట్టే ఉంచుతుంది. ఫైల్ పేరు పక్కన డాట్ పీడీఎఫ్ ఉందో డాట్ జార్ ఉందో కనిపించకపోతే, ఫిర్యాదు చెప్పేవాళ్లకి కూడా దేని గురించి చెబుతున్నారో తెలియదు. "ఫైల్ తెరుచుకోవట్లేదు" అన్న మాట కింద మూడు నాలుగు రకాల ఫైళ్లు కలిసిపోయి ఉంటాయి. ఇక్కడా అదే జరిగింది.

తర్వాత సీనియర్ అకౌంటెంట్ మేడమ్‌ని కూర్చోబెట్టి, ఒకే పీడీఎఫ్‌ని రోజూ ఎక్కడెక్కడినుంచి తెరుస్తారో అక్కడల్లా తెరిచి చూపించమన్నాను. ఫోల్డర్‌లో డబుల్ క్లిక్ చేస్తే రీడర్‌లో తెరుచుకుంది. మెయిల్‌లో వచ్చినదాన్ని సేవ్ చేసి తెరిచినా రీడరే. జీఎస్టీ పోర్టల్లో క్రోమ్‌లో లింకు నొక్కితే మాత్రం క్రోమ్‌లోనే ఇంకో ట్యాబ్‌లో తెరుచుకుంది. "అదిగో, చూశారా, మళ్లీ మారిపోయింది" అన్నారు మేడమ్.

నిజానికి అక్కడ ఏదీ మారలేదు. బ్రౌజర్‌లో లింకు నొక్కినప్పుడు, ఆ ఫైల్‌ని తానే చూపించాలా, డౌన్‌లోడ్ చేయాలా అన్నది బ్రౌజర్ సొంత నిర్ణయం. విండోస్‌లో పెట్టుకున్న డీఫాల్ట్ దాకా విషయం రానే రాదు. విండోస్ సెట్టింగ్స్‌లో రీడర్‌ని ఎన్నిసార్లు ఎంచుకున్నా పోర్టల్ లింకు మీద దాని ప్రభావం ఉండదు. ఈ రెండూ వేరని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. తెర మీద చూస్తే రెండూ ఒకటే క్లిక్కులా ఉంటాయి కాబట్టి, అది వాళ్లు సొంతంగా కనిపెట్టాల్సిన విషయమూ కాదు.

మందు చిన్నదే. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, దాని అడుగున అదనపు కంటెంట్ సెట్టింగ్స్‌లో పీడీఎఫ్ డాక్యుమెంట్స్ అని ఉంటుంది. అక్కడ 'డౌన్‌లోడ్ పీడీఎఫ్స్' ఎంచుకోవాలి. విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జ్‌లోనూ ఇలాంటిది ఉంది. క్రోమ్ డౌన్‌లోడ్ల జాబితాలో ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ఎప్పుడూ సిస్టమ్ వ్యూయర్‌తోనే తెరవమని కూడా చెప్పాలి. లేకపోతే డౌన్‌లోడ్ అయిన ఫైల్ కూడా క్రోమ్‌లోనే తెరుచుకుంటుంది.

ఎందుకింత పట్టింపు, పీడీఎఫ్ ఎందులో తెరిస్తే ఏంటి అని ఆడిటర్ గారు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు వాళ్ల ఫైళ్లలోనే దొరికింది. ఒక గ్రానైట్ యూనిట్ ఆయన లోన్ కోసం జీఎస్టీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ప్రింట్ తీసుకుని బ్యాంకుకి వెళ్లాడు. డిజిటల్ సంతకం ఉండాల్సిన చోట పసుపు రంగు ప్రశ్నార్థకం, సంతకం సరిచూడలేదన్న మాట. కాగితం వెనక్కి వచ్చింది. ఆ సర్టిఫికెట్‌లో సంతకం ఉంది, అది సరైనదే. క్రోమ్ దాన్ని సరిచూడదు, ఫైల్‌లో ఉన్న బొమ్మని ఉన్నట్టు చూపించి, ఉన్నట్టే ప్రింట్ చేస్తుంది. రీడర్‌లో తెరిచి, సంతకం మీద రైట్ క్లిక్ చేసి వ్యాలిడేట్ చేసుకోవాలి. సంతకం వివరాల్లో సీసీఏ ఇండియా (డిజిటల్ సంతకాలకి పైన ఉండే ప్రభుత్వ సంస్థ) సర్టిఫికెట్‌ని ఎంచుకుని, నమ్మకమైనవాటి జాబితాలో ఒకసారి చేర్చుకుంటే ఆకుపచ్చ టిక్కు వస్తుంది. అప్పుడు ప్రింట్ ఇస్తే కాగితం మీదా టిక్కే పడుతుంది. ఈ-ఆధార్‌కీ ఇదే పద్ధతి. వాళ్ల ముందే ఆ సర్టిఫికెట్ మళ్లీ ప్రింట్ తీశాం. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాక, ఏ యాప్‌లో తెరిచామన్నది ఎంత ముఖ్యమో ఇంకెవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

కొత్త సిస్టమ్‌లలో ఇంకో చిక్కు కూడా ఉంది. విండోస్ 11లో ఫైల్ దేంతో తెరవాలని అడిగే పెట్టెలో 'ఆల్వేస్', 'జస్ట్ వన్స్' అని రెండు బటన్లు ఉంటాయి. పనిలో ఉన్నవాళ్లు ఏదో ఒకటి నొక్కి ముందుకు పోతారు. జస్ట్ వన్స్ నొక్కితే ఆ ఒక్కసారికే. పైగా పీడీఎఫ్ తెరవగల కొత్త ప్రోగ్రామ్ ఏదైనా సిస్టమ్‌లోకి వస్తే, ఇదివరకే ఎంచుకున్నా సరే విండోస్ ఆ ప్రశ్న మళ్లీ అడగొచ్చు. ఆ ఆఫీసులో పీడీఎఫ్‌లు కలపడానికి ఎవరో ఒక ఉచిత టూల్ ఎక్కించారు. ప్రశ్న తిరిగి రావడానికి అదే కారణం. కలపడానికి ఒక్క సీటు, అంటే ఒక్క కంప్యూటర్, చాలనుకుని మిగతా వాటిలోంచి దాన్ని తీసేశాం.

పాత సిస్టమ్‌లలో దాగున్న ఫైల్

విండోస్ 10లో ఉండిపోయిన సీట్లలో కథ వేరు. అక్కడ ఫోల్డర్‌లో డబుల్ క్లిక్ చేసినా ఎడ్జ్‌లోకే పోతోంది. సెట్టింగ్స్‌లో మార్చి చూపిస్తే సాయంత్రం దాకా బాగానే ఉంటుంది, మర్నాడు పొద్దున సిస్టమ్ ఆన్ చేయగానే కింద కుడి మూలన ఒక నోటిఫికేషన్. పీడీఎఫ్ డీఫాల్ట్‌తో ఏదో ఒక యాప్ వల్ల సమస్య వచ్చిందని, అందుకే దాన్ని ఎడ్జ్‌కి రీసెట్ చేశామని. రెండు క్షణాలు కనిపించి వెళ్లిపోతుంది. ఆఫీసులో అందరూ దాన్ని చూశారు, ఎవరూ చదవలేదు. నేను పాత నోటిఫికేషన్లు ఉండే యాక్షన్ సెంటర్ తెరిచి మళ్లీ చదివాను. అందులో 'ఒక యాప్ వల్ల' అన్న ముక్కే దారి చూపించింది.

స్టార్టప్‌లో ఏమేం నడుస్తున్నాయో చూస్తే, ఒక చిన్న బ్యాచ్ ఫైల్ దొరికింది, అంటే వరసగా కమాండ్లు నడిపే చిన్న స్క్రిప్టు. ఇదివరకు సర్వీసు చూసినతను విండోస్ 7 రోజుల్లో రాసిపెట్టింది. సిస్టమ్ ఆన్ అయిన ప్రతిసారీ, విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో డాట్ పీడీఎఫ్ దగ్గర ఉన్నది చెరిపేసి, రీడర్ పేరు రాస్తుంది. ఆ రోజుల్లో అది పనిచేసే పద్ధతే. టూల్స్ అన్న ఫోల్డర్‌తో పాటు అది సిస్టమ్ నుంచి సిస్టమ్‌కి కాపీ అవుతూ వచ్చింది.

ఇక్కడ లోపల జరిగేది కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ సమస్య అసలు మూలం ఇదే. విండోస్ 7 వరకు ఏ ప్రోగ్రామైనా రిజిస్ట్రీలో తన పేరు రాసుకుని ఫైళ్లని తనవైపు తిప్పుకోగలిగేది. ఒక మీడియా ప్లేయర్ ఎక్కిస్తే పాటలన్నీ దానివైపు వెళ్లిపోయిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి పద్ధతి మారింది. రిజిస్ట్రీలో యూజర్ ఛాయిస్ అన్న చోట ప్రోగ్రామ్ పేరుతో పాటు ఒక హ్యాష్, అంటే విండోస్ లెక్కగట్టి వేసే ఒక కోడ్, కూడా ఉండాలి. పట్టాదారు పాస్‌బుక్కులో పేరు ఎవరైనా రాయగలరు గానీ, తహసీల్దారు సంతకం లేకపోతే అది చెల్లదు కదా, ఈ హ్యాష్ అలాంటిదే. మనం సెట్టింగ్స్‌లోకి వెళ్లి మన చేత్తో ఎంచుకుంటేనే విండోస్ సరైన హ్యాష్ వేస్తుంది. స్క్రిప్టు పేరు మాత్రమే రాయగలదు. హ్యాష్ సరిపోకపోతే విండోస్ ఆ రాతని చెల్లదని తేల్చి, తన సొంత డీఫాల్ట్‌కి తిప్పేస్తుంది. విండోస్ 10లో పీడీఎఫ్‌కి అది ఎడ్జ్.

అంటే, రీడర్‌ని నిలబెట్టడానికి పెట్టిన స్క్రిప్టే రోజూ రీడర్‌ని పడగొడుతోంది. సిబ్బంది సాయంత్రం సరైన దారిలో సెట్ చేసినది, పొద్దున్నే అది చెరిపేస్తోంది. ఇదే ఫైల్ కొత్త విండోస్ 11 సిస్టమ్‌లలోనూ ఉంది, కానీ అక్కడ దాని వల్ల మంచీ లేదు, చెడూ లేదు. 2024 నుంచి అప్‌డేట్లతో యూసీపీడీ అనే ఒక డ్రైవర్ వచ్చింది. అది పీడీఎఫ్, వెబ్ లింకుల డీఫాల్ట్‌లని బయటి స్క్రిప్టులు రాయకుండా అడ్డుకుంటుంది. ఈ పాత విండోస్ 10 సీట్లలో అప్‌డేట్లు చాలాకాలంగా ఆపేసి ఉన్నాయి కాబట్టి స్క్రిప్టు రాయగలుగుతోంది, రాసి చెడగొడుతోంది.

బ్యాచ్ ఫైల్‌ని అన్నిచోట్లా తీసేశాం. సెట్టింగ్స్‌లో చేత్తో ఒకసారి రీడర్‌ని ఎంచుకున్నాం. మర్నాడు నోటిఫికేషన్ రాలేదు.

ఈ కాపలా గురించి నా అభిప్రాయం చెబుతాను. హ్యాష్ పెట్టడం తప్పని నేననుకోను. నా పని మొదలుపెట్టిన రోజుల్లో టూల్‌బార్లు, అడ్డమైన ప్లేయర్లు జనం సిస్టమ్‌లని ఎలా ఆక్రమించాయో చూశాను. అయితే కాపలా యూజర్ కోసం ఉన్నప్పుడు, యూజర్‌కి దారి సులువుగా ఉండాలి. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా అప్పటి అధిపతి క్రిస్ బియర్డ్ సరిగ్గా ఈ విషయం మీదే సత్య నాదెళ్లకి బహిరంగ లేఖ రాశారు. 2021 అక్టోబర్‌లో విండోస్ 11 వచ్చినప్పుడు బ్రౌజర్ మార్చాలంటే హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్, హెచ్‌టీఎమ్, హెచ్‌టీఎమ్ఎల్ అంటూ ఒక్కో రకానికీ విడివిడిగా మార్చుకోవాల్సి వచ్చింది. ఒకే బటన్‌తో మార్చే వీలు 2022 మార్చి అప్‌డేట్‌తో వచ్చింది. ఆ మధ్యకాలంలో ఎందరో మామూలు జనం "నాకు కంప్యూటర్ రాదు" అనుకుని ఊరుకుని ఉంటారు. నాకు బాధ అనిపించేది అక్కడే.

జార్ ఫైల్, గడువు అక్టోబర్ 31

పీడీఎఫ్ గొడవలో పడి ఎవరూ సరిగా చెప్పని సమస్య ఇంకోటి బయటపడింది. డబ్బు లెక్కన చూస్తే అదే పెద్దది. జూలై నుంచి సెప్టెంబర్ దాకా టీడీఎస్ రిటర్న్‌కి గడువు అక్టోబర్ 31. దాటితే రోజుకి 200 రూపాయలు చొప్పున ఫీజు పడుతుంది. రిటర్న్ ఫైల్‌ని సరిచూసే ఫైల్ వ్యాలిడేషన్ యుటిలిటీ డాట్ జార్ రూపంలో వస్తుంది. జార్ అంటే జావా అన్న సాఫ్ట్‌వేర్ మీద నడిచే ప్రోగ్రామ్ ఫైల్. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే ప్రోగ్రామ్ నడవాలి. ఒక సీట్లో, జిప్ లాంటి ఫైళ్లని విప్పే విన్‌రార్ తెరుచుకుని లోపలి ఫోల్డర్ల జాబితా చూపిస్తోంది. "ఇది జిప్ ఫైలేమో అనుకుని ఎక్స్‌ట్రాక్ట్ కూడా చేశానన్నా" అన్నాడు కుర్రాడు. అలా అనుకోవడంలో వింతేమీ లేదు. జార్ ఫైల్ లోపలి నిర్మాణం జిప్పే. అందుకే విన్‌రార్ తన జాబితాలో జార్‌ని కూడా కలుపుకోగలుగుతోంది.

దీనికి అందరూ చెప్పే మందు, 'ఓపెన్ విత్'లోకి వెళ్లి జావాని వెతికి పెట్టమని. వాళ్లు అదీ చేశారు. పక్క సీట్లో జావా ఫోల్డర్‌లోకి వెళ్లి జావాడబ్ల్యూ ప్రోగ్రామ్‌ని చేత్తో ఎంచుకున్నారు. ఇప్పుడు విన్‌రార్ రాదు గానీ, మెయిన్ క్లాస్ దొరకలేదన్న ఎర్రర్ పెట్టె వస్తుంది. చాలామంది ఇక్కడ జావా పాడైందనుకుంటారు. పాడవలేదు. జార్ ఫైల్ నడవాలంటే జావాకి ఫైల్ పేరుతో పాటు 'మైనస్ జార్' అన్న సూచన కూడా అందాలి. చేత్తో వెతికి ప్రోగ్రామ్‌ని పెట్టినప్పుడు విండోస్ ఫైల్ పేరు ఒక్కటే పంపిస్తుంది. జావా ఇన్‌స్టాలర్ తానుగా నమోదు చేసుకున్న జార్‌ఫైల్ అన్న రకంలో ఆ సూచన ముందే ఉంటుంది.

కాబట్టి వరస ముఖ్యం. ముందు విన్‌రార్ సెట్టింగ్స్‌లో ఇంటిగ్రేషన్ అన్న చోట జార్ పక్కన టిక్కు తీసేశాం. తర్వాత జావాని తీసి మళ్లీ ఎక్కించాం. ఆ తర్వాతే డీఫాల్ట్ యాప్స్‌లో డాట్ జార్ అని వెతికి, అక్కడ జాబితాలో దానంతటదే కనిపించిన జావా ప్లాట్‌ఫామ్ పేరుని ఎంచుకున్నాం, ఫోల్డర్లలో వెతకలేదు. డబుల్ క్లిక్‌కి యుటిలిటీ తెరుచుకుంది. రిటర్న్‌లు గడువులోపే వెళ్లాయి.

సీఎస్‌వీ దగ్గర ఆగాల్సి వచ్చింది

సీఎస్‌వీ, అంటే కామాలతో విడదీసిన పట్టికని మామూలు టెక్స్ట్‌గా దాచే ఫైల్, గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్‌లో చక్కగా తెరుచుకుంటోంది. అందుకే నాకు టెన్షన్ వచ్చింది. ఎక్సెల్ ఒక సంఖ్యలో మొదటి 15 అంకెలే ఉంచుకుంటుంది. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరుంటే చివరి అంకె సున్నా అయిపోతుంది. ముందు సున్నాలున్న నంబర్లలో ఆ సున్నాలు పోతాయి. తెరిచి చూసి మూసేస్తే ఫర్వాలేదు. సేవ్ చేస్తే అసలు నంబరు ఆ ఫైల్‌లో ఇక ఉండదు. రొయ్యల వ్యాపారి ఒకాయన ఆఫీసు నుంచి రైతుల ఖాతాల జాబితా సీఎస్‌వీగా వస్తుంది. అందులో వరసగా చివర సున్నాలున్న నంబర్లు నాకు కనిపించాయి. మెయిల్‌లో ఉన్న అసలు ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి పక్కన పెడితే తేడా తేలిపోయింది. ఆ జాబితా మీద చెల్లింపులేవీ ఇంకా జరగలేదు, అది అదృష్టమే.

డీఫాల్ట్ అంటే సౌకర్యం ఒక్కటే అనుకుంటాం. ఒక ఫైల్‌ని తప్పు యాప్ తెరిస్తే, ఏ ఎర్రర్ లేకుండా డేటా చెడిపోవచ్చు కూడా. ఆ సీట్లలో సీఎస్‌వీ డీఫాల్ట్‌ని నోట్‌ప్యాడ్‌కి మార్చాను. ఎక్సెల్‌లో కావాలంటే డేటా మెనూలో టెక్స్ట్ ఫైల్ నుంచి తెచ్చుకుని, ఖాతా నంబరు నిలువు వరసని టెక్స్ట్‌గా చెప్పాలి. కొత్త మైక్రోసాఫ్ట్ 365లో అయితే ఆటోమేటిక్‌గా మార్చే పనిని ఆప్షన్స్‌లో ఆపేసే వీలుంది, అదీ ఆపేశాం. మేడమ్‌కి ఇది మొదట నచ్చలేదు. "రోజుకి ఎన్ని ఫైళ్లు చూస్తామో తెలుసా, ప్రతిసారీ ఇంత తతంగమా?" అన్నారు. ఆవిడ మాటా న్యాయమే. బ్యాంక్ స్టేట్‌మెంట్లు మాత్రమే చూసే ఆవిడ సీట్లో ఎక్సెల్‌నే ఉంచాం. ఖాతాల జాబితాలు ఆ సీట్లో తెరవకూడదని ఆడిటర్ గారే చెప్పేశారు.

డీఫాల్ట్‌లు సిస్టమ్‌కి కాదు, విండోస్ అకౌంట్‌కి అతుక్కుని ఉంటాయి. ఆర్టికల్స్ (సీఏ చదువులో భాగమైన శిక్షణ) చేసే పిల్లలు మారినప్పుడల్లా కొత్త అకౌంట్ చేస్తారు, అప్పుడు అన్నీ మొదటికొస్తాయి. అందుకని సరిగా సెట్ చేసిన ఒక సీటు నుంచి విండోస్‌లోనే ఉండే డిస్మ్ అనే కమాండ్‌తో డీఫాల్ట్‌ల జాబితాని ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌గా తీసి, మిగతా సిస్టమ్‌లలోకి ఎక్కించాను. అది ఆ తర్వాత చేసే కొత్త అకౌంట్లకే వర్తిస్తుంది. పాత అకౌంట్లలో చేత్తో మార్చుకోక తప్పదు. హ్యాష్‌ని లెక్కగట్టి రాసే బయటి టూల్స్ ఉన్నాయి, కొన్ని బాగానే పనిచేస్తాయి. క్లయింట్ల సంతకాలు, పాస్‌వర్డ్‌లు ఉండే ఆఫీసులో నేను వాటిని పెట్టలేదు. ఇంకో అప్‌డేట్ వచ్చి ఆ దారి మూసేస్తే, మళ్లీ ఆ బ్యాచ్ ఫైల్ కథే అవుతుంది.

జనవరి 31 గడువుకి టీడీఎస్ పని నన్ను పిలవకుండానే అయిపోయింది. ఒక పెద్ద అప్‌డేట్ తర్వాత సిఫారసు చేసిన బ్రౌజర్ సెట్టింగ్స్ వాడమంటూ నిలువెత్తు తెర ఒకటి వచ్చిందట. కుర్రాడు ఈసారి చదివి, ఉన్నవి ఉంచమన్న దాన్ని ఎంచుకున్నాడు. తీరనిది ఒకటుంది. టాస్క్‌బార్‌లోని సెర్చ్‌లో ఏదైనా వెతికి వెబ్ ఫలితం నొక్కితే, డీఫాల్ట్ బ్రౌజర్ ఏదైనా ఎడ్జ్‌లోనే తెరుచుకుంటుంది. ఆ లింకులని దారి మళ్లించే ఎడ్జ్‌డిఫ్లెక్టర్ అనే చిన్న టూల్ ఒకప్పుడు ఉండేది, 2021 చివర్లో ఆ దారి మూసేశారు. ఐరోపాలో డిజిటల్ మార్కెట్స్ చట్టం వచ్చాక అక్కడివాళ్లకి ఎడ్జ్‌ని తీసేసుకునే వీలు కూడా దొరికింది, మనకి ఆ అవకాశం లేదు. ఆడిటర్ గారికి అదే చెప్పాను. ఇప్పుడు ఆ ఆఫీసులో వెబ్‌లో ఏం వెతకాలన్నా ముందు క్రోమ్ తెరిచి, అందులోనే వెతుకుతున్నారు.